రెండో రౌటర్ పెట్టిన తర్వాత కింది డెస్క్‌టాప్‌లోని ఫోల్డర్ మేడ మీది ల్యాప్‌టాప్‌కు అందడం లేదు

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో పెళ్లి ఆల్బమ్‌ల పని జరుగుతుంది. మా అన్న తిరుమలలోను, తిరుచానూరులోను, ఊరిలోని కల్యాణ మండపాల్లోను పెళ్లిళ్లకు ఫొటోలు తీసి, కెమెరా కార్డుల్లో ఉన్నదంతా కింది గదిలోని డెస్క్‌టాప్‌లోకి ఎక్కిస్తాడు. నేను మేడ మీది గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వాటిలో మంచివి ఏరి, రంగులు సరిచేసి, ఆల్బమ్ షీట్లు తయారుచేస్తాను. డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ప్రో, ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 హోమ్ ఉన్నాయి. ఫొటోలున్న ఫోల్డర్‌ను అన్న షేర్ చేసి ఉంచాడు కాబట్టి ఇంతకాలం నేను పైనుంచే దాన్ని తెరిచి కావలసిన ఫైళ్లు తెచ్చుకునేదాన్ని.

మేడ మీద వైఫై సిగ్నల్ సరిగా అందడం లేదని ఈమధ్య ఇంకొక రౌటర్ కొన్నాము. ఫైబర్ కనెక్షన్ వాళ్లు కింద బిగించిన పెట్టె నుంచి ఒక కేబుల్‌ను మెట్ల పక్కగా పైకి తెచ్చి కొత్త రౌటర్‌కు తగిలించాము. అప్పటి నుంచి పైన ఇంటర్నెట్ చక్కగా వస్తోంది గాని, ఆ ఫోల్డర్ మాత్రం తెరుచుకోవడం లేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘నెట్‌వర్క్’ మీద నొక్కితే నా ల్యాప్‌టాప్ ఒక్కటే కనిపిస్తోంది. అడ్రస్ పట్టీలో డెస్క్‌టాప్ పేరు టైపు చేస్తే నెట్‌వర్క్ పాత్ దొరకలేదనే సందేశం, దాని చివర 80070035 అనే అంకెలు వస్తున్నాయి.

ఒక పాత వీడియోలో హోమ్‌గ్రూప్ (ఇంటి కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి పాత విండోస్‌లో ఉన్న సదుపాయం) తయారుచేసుకోమని చెప్పారు గాని, అటువంటిది మా రెండు కంప్యూటర్లలోనూ ఎక్కడా లేదు. తెలిసినవారు ఒకరు ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకుంటే సరిపోతుందన్నారు. ప్రస్తుతానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగుతున్నాము. ముహూర్తాలు దగ్గర దగ్గరగా ఉన్న నెలల్లో ఏది పాత ఫైలో ఏది సరిచేసిన ఫైలో కలగాపులగమై, పెళ్లివారు ఎంపిక చేసిన ఫొటోకు బదులు వేరొకటి షీట్‌లోకి వెళ్లిపోతుందేమోనని భయంగా ఉంది. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో వరుసగా చెప్పగలరా?

జవాబు (రేణిగుంట రోడ్డు, తిరుపతి)

కంట్రోల్ ప్యానెల్‌లో ‘విండోస్ ఫీచర్స్’ తెరిచి అందులో ఎస్ఎంబీ 1 అనే దానికి టిక్ పెట్టండి, ఫైర్‌వాల్ ఆపేయండి, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ కూడా ఆపేయండి. మా కార్యాలయంలో ఇలా చేసిన తర్వాత పాత ప్రింటర్ స్కాన్ ఫైళ్లు కంప్యూటర్‌లోకి రావడం మొదలైంది. మీకూ పనిచేయవచ్చు.

జవాబు (కొర్లగుంట, తిరుపతి)

మేడమ్, పై జవాబులో చెప్పిన మూడింటిలో ఒక్కటి కూడా ఇప్పుడే చేయవద్దని మనవి. ఇళ్లలోను, చిన్న కార్యాలయాల్లోను నెట్‌వర్క్ బిగించడమే నా వృత్తి. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌లోని ఫోల్డర్ తెరుచుకోవాలంటే మూడు పనులు వేర్వేరుగా జరగాలి. మొదటిది, ఒకదాని నుంచి మరొకదానికి దారి ఉండాలి. రెండోది, ఆ కంప్యూటర్ పేరు చెబితే దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే అంకెల చిరునామా) ఏదో తెలియాలి. మూడోది, వచ్చినవారు ఎవరో గుర్తించి లోపలికి రానివ్వాలి. ఈ మూడింటిలో ఏది ఆగినా చూసేవారికి ‘ఫోల్డర్ రావడం లేదు’ అన్నట్టే ఉంటుంది. ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే, పని జరిగినా ఎందుకు జరిగిందో తెలియదు. పైగా రక్షణగా ఉన్నవాటిని తీసేసిన సంగతి మరచిపోతాము.

మీ ఇంట్లో షేరింగ్ ఇంతకుముందు పనిచేసింది, కొత్త రౌటర్ వచ్చాక ఆగింది. కాబట్టి అనుమానం ముందుగా ఆ రౌటర్ మీదికే పోవాలి. హోమ్‌గ్రూప్ సంగతి వదిలేయండి. 2018లో వచ్చిన విండోస్ 10 1803 వెర్షన్‌తోనే మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. ప్లాన్ పెంచడం వల్ల కూడా ఏ ప్రయోజనమూ లేదు. కింది గది నుంచి పై గదికి వచ్చే ఫైలు బయటి ఇంటర్నెట్ లైను ముఖం కూడా చూడదు. ఫైబర్ తెగిపోయిన రోజున కూడా మీ ఫోల్డర్ తెరుచుకోవాలి.

కొన్ని వివరాలు తెలిస్తే దోషం ఎక్కడుందో చెప్పవచ్చు. రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆదేశం ఇచ్చి, ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే (ఆ కంప్యూటర్‌కు బయటి దారి చూపే రౌటర్ అడ్రస్) అనే రెండు వరుసల్లో ఏముందో ఇక్కడ రాయండి. ఇంటి లోపలి అడ్రస్‌లే కాబట్టి రాసినందువల్ల ప్రమాదం లేదు. తర్వాత ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ పేరుకు బదులు, రెండు వాలుగీతల (\\) తర్వాత దాని ఐపీవీ4 అడ్రస్‌ను టైపు చేసి ఏ సందేశం వస్తుందో చూడండి. అదే పరీక్షను కింది డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్ వైపు కూడా చేయండి. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉందో ప్రైవేట్ అని ఉందో కూడా చెప్పండి. ఈ పరీక్షలు చేస్తున్నంతసేపూ డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా చూసుకోండి. నిద్రపోతున్న కంప్యూటర్ ఏ పరీక్షకూ జవాబివ్వదు.

జవాబు (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

అమ్మా, కొర్లగుంటవారు అడిగినవాటికి మీరు జవాబు రాసేలోగా ఎస్ఎంబీ 1 గురించి కొంత చెప్పడం అవసరమనిపించింది. ఎందుకంటే దానికి టిక్ పెట్టమనే సలహా ఎక్కడ వెతికినా మొదట కనిపిస్తుంది.

విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి పేరు ఎస్ఎంబీ. అందులో మొదటిది చాలా పాతది. విస్టా కాలంలో రెండో వెర్షన్, విండోస్ 8తో మూడో వెర్షన్ వచ్చాయి. మీ దగ్గరున్న విండోస్ 10కు, 11కు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మొదటి వెర్షన్‌తో పనే లేదు. 2017 మే నెలలో ప్రపంచమంతా వ్యాపించిన వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) ఒక కంప్యూటర్ నుంచి మరొకదానిలోకి దూరింది ఆ మొదటి వెర్షన్‌లోని లోపం గుండానే. మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చిలో ఆ లోపానికి ప్యాచ్ విడుదల చేసినా, దాన్ని వేసుకోని కంప్యూటర్లు లక్షల్లో ఉండిపోయాయి. మన చిత్తూరు జిల్లాతో సహా రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ సంవత్సరం చివరలో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో ఎస్ఎంబీ 1 సర్వర్ భాగం అప్రమేయంగా ఉండదు. రేణిగుంట రోడ్డువారి ప్రింటర్ పాతది కాబట్టి దానికి ఆ పద్ధతి తప్ప వేరొకటి తెలిసి ఉండకపోవచ్చు. మీ సమస్య అది కాదు.

మీ డెస్క్‌టాప్‌లో ఉన్నవి ఇతరుల పెళ్లి ఫొటోలు. వాటిని మళ్లీ తీయడం ఎవరి వల్లా కాదు. అందుకే ఈ విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ డెస్క్‌టాప్‌లోని విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇప్పటి సమస్య దానివల్ల వచ్చింది కాదు గాని, వీలు చూసుకుని దాన్ని 11కు మార్చడమో, పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేయడమో చేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ల్యాప్‌టాప్‌లో ఐపీవీ4 అడ్రస్ 192.168.0.104, గేట్‌వే 192.168.0.1 అని ఉన్నాయి. డెస్క్‌టాప్‌లో అడ్రస్ 192.168.1.5, గేట్‌వే 192.168.1.1. డెస్క్‌టాప్‌లో ప్రొఫైల్ ప్రైవేట్ అనే ఉంది.

పేరుకు బదులు 192.168.1.5 అని టైపు చేస్తే ల్యాప్‌టాప్‌లో ఈసారి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే పెట్టె వచ్చింది. డెస్క్‌టాప్ తెరవడానికి అన్న రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇస్తే అంగీకరించడం లేదు. కింది నుంచి 192.168.0.104 అని కొడితే మాత్రం చాలాసేపు తిరిగి, మళ్లీ అదే పాత్ దొరకలేదనే సందేశం వచ్చింది. పైనుంచి కిందికి దారి ఉండి, కింది నుంచి పైకి లేకపోవడం ఎలా సాధ్యమో అర్థం కాలేదు.

జవాబు (కొర్లగుంట, తిరుపతి)

మేడమ్, మీరు రాసిన అంకెల్లోనే కారణం ఉంది. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మూడోది ల్యాప్‌టాప్ అడ్రస్‌లో 0, డెస్క్‌టాప్ అడ్రస్‌లో 1. గేట్‌వేలు కూడా వేర్వేరు. అంటే మీ ఇంట్లో ఇప్పుడు ఒక నెట్‌వర్క్ లేదు, రెండున్నాయి. కింది పెట్టె ఒక నెట్‌వర్క్‌ను నడుపుతోంది, కొత్త రౌటర్ దాని వెనుక ఇంకొక నెట్‌వర్క్‌ను సొంతంగా నడుపుతోంది. దుకాణంలో కొన్న రౌటర్‌ను అలాగే తెచ్చి తగిలిస్తే అది చేసే పని ఇదే. ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. కొత్త రౌటర్ తన వెనుకనున్న పరికరాలన్నింటినీ దాచి, బయటికి తన ఒక్క అడ్రస్‌తోనే కనిపిస్తుంది. మీ ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్‌ను అడిగినప్పుడు, కింది నెట్‌వర్క్‌కు అది కొత్త రౌటరే అడిగినట్టు కనిపిస్తుంది. ఆ రౌటర్‌కు కూడా 192.168.1తో మొదలయ్యే అడ్రసే ఉంటుంది కాబట్టి డెస్క్‌టాప్‌లోని ఫైర్‌వాల్ దాన్ని ఇంటివారిగానే భావించి అనుమతిస్తుంది. డెస్క్‌టాప్ వైపు నుంచి చూస్తే 192.168.0.104 ఎక్కడుందో కింది పెట్టెకు తెలియదు. తెలిసినా కొత్త రౌటర్ బయటి నుంచి వచ్చేదాన్ని లోపలికి పోనివ్వదు. పేరు విషయం కూడా ఇక్కడే తేలిపోయింది. ఇళ్లలో ఒక కంప్యూటర్ పేరును విండోస్ వెతికేది ఆ నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి పంపే సందేశాలతో. అటువంటి సందేశాలను రౌటర్ అవతలికి దాటనివ్వదు. అందువల్లనే పేరుతో దొరకనిది అడ్రస్‌తో దొరికింది.

అడ్రస్‌తోనే సరిపెట్టుకోవచ్చు కదా అనిపించవచ్చు. నేనైతే అలా వదిలేయను. రేపు పైగదిలో ప్రింటర్ పెట్టినా, అన్న కింది నుంచి మీ షీట్లు చూడాలనుకున్నా మళ్లీ ఇదే అడ్డం వస్తుంది. ఇంటికి ఒకే నెట్‌వర్క్ ఉండేలా చేసుకోవడమే సరైన పద్ధతి.

ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.0.1 అని కొడితే కొత్త రౌటర్ పేజీ వస్తుంది. అందులో ఆపరేషన్ మోడ్ అని ఉంటే యాక్సెస్ పాయింట్ అనేదాన్ని ఎంచుకుని సేవ్ చేయండి. అది మళ్లీ ఆన్ అయిన తర్వాత అడ్రస్‌లు పంచే పని మానేసి, సిగ్నల్ ఇచ్చే పని మాత్రం చేస్తుంది. ఇటీవలి రౌటర్లలో చాలావాటికి ఈ మోడ్ ఉంటుంది.

ఆ మోడ్ లేకపోతే చేతితో చేసుకోవాలి, అందులో వరుస ముఖ్యం. ముందుగా కింది నుంచి వచ్చిన కేబుల్‌ను కొత్త రౌటర్ నుంచి తీసేయండి. లేకపోతే తర్వాత ఇచ్చే అడ్రస్ కింది నెట్‌వర్క్ అడ్రస్‌తో ఢీకొంటుందని రౌటర్ నిరాకరించవచ్చు. ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగులలో రౌటర్ అడ్రస్‌ను 192.168.1.250గా మార్చి సేవ్ చేయండి. కింది పెట్టె పంచే అడ్రస్‌ల పరిధిలో 250 లేకుండా చూసుకోవాలి. అవసరమైతే ఆ పరిధిని 200 దగ్గర ఆపేయవచ్చు. తర్వాత 192.168.1.250 అడ్రస్‌తోనే మళ్లీ పేజీ తెరిచి డీహెచ్‌సీపీ సర్వర్‌ను (అడ్రస్‌లు పంచే భాగాన్ని) ఆపండి. రౌటర్ వెనుక ఒక సాకెట్ మాత్రం వేరే రంగులోనో, కొంచెం ఎడంగానో ఉండి దాని మీద వ్యాన్ (WAN, అంటే బయటి లైను) అని రాసి ఉంటుంది. కింది నుంచి వచ్చిన కేబుల్‌ను ఇకమీదట దానికి కాకుండా, ఒకే రంగులో వరుసగా ఉన్న ల్యాన్ సాకెట్లలో ఏదో ఒకదానికి పెట్టండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఒకసారి ఆపి మళ్లీ పెడితే, 192.168.1తో మొదలయ్యే అడ్రస్ రావాలి. 169.254తో మొదలయ్యేది వస్తే ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. అప్పుడు కేబుల్ చూసుకోండి.

నెట్‌వర్క్ మారినందువల్ల ల్యాప్‌టాప్ దాన్ని కొత్తదిగా భావించి పబ్లిక్ అని పెట్టుకునే అవకాశం ఉంది. వైఫై ప్రాపర్టీస్‌లో ప్రైవేట్‌గా మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. కింది పెట్టెలోగాని, పై రౌటర్‌లోగాని గెస్ట్ వైఫై అనేది ఉంటే ల్యాప్‌టాప్‌ను దానికి కలపవద్దు. ఒకే పెట్టెకు కలిసి ఉన్నా పరికరాలు ఒకదానినొకటి చూసుకోకుండా చేయడమే దాని ఉద్దేశం.

ఇంకొక చిన్న పని కూడా చేసి పెట్టుకోండి. కింది పెట్టె పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట డెస్క్‌టాప్‌కు 192.168.1.5ను శాశ్వతంగా కేటాయించండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పరికరాలన్నీ ఒకేసారి అడ్రస్ అడుగుతాయి, అప్పుడు డెస్క్‌టాప్‌కు వేరొకటి దక్కితే మీ షార్ట్‌కట్ పనిచేయదు. ఎండాకాలంలో ఈ ఫిర్యాదు మీద నాకు ఫోన్లు ఎక్కువ వస్తాయి.

జవాబు (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

పిన్ విషయం నేను చెబుతాను. పిన్ అనేది ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నవారికే చెల్లుతుంది. నెట్‌వర్క్ గుండా వచ్చేవారిని డెస్క్‌టాప్ అడిగేది ఖాతా పాస్‌వర్డ్. అన్న ఖాతా మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే ఆయన ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ ఇస్తే తెరుచుకోవాలి. అయినా ఆ పద్ధతి నాకు నచ్చదు. ఆయన ఉత్తరాలకు, ఆన్‌లైన్‌లో దాచుకున్నవాటికి అన్నింటికీ అదే పాస్‌వర్డ్ కదా, దాన్ని ఇంకో కంప్యూటర్‌లో దాచిపెట్టవలసిన అవసరం లేదు.

ఈ పని కోసమే డెస్క్‌టాప్‌లో ఒక లోకల్ ఖాతా (ఆ కంప్యూటర్‌కే పరిమితమైన ఖాతా) తయారుచేయండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్ దగ్గర కొత్త వ్యక్తిని చేర్చమని చెప్పి, ఈమెయిల్ అడిగినప్పుడు ఆ వ్యక్తి వివరాలు లేవని, మైక్రోసాఫ్ట్ ఖాతా అక్కరలేదని ఎంచుకుంటే ఖాతా పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పేరు ‘ఆల్బమ్’ అని పెట్టుకున్నారనుకుందాం. పాస్‌వర్డ్ తప్పనిసరిగా పెట్టండి. పాస్‌వర్డ్ లేని ఖాతాను నెట్‌వర్క్ గుండా విండోస్ రానివ్వదు. తర్వాత ల్యాప్‌టాప్‌లో యూజర్ నేమ్ అడిగినచోట డెస్క్‌టాప్ పేరు, ఒక వాలుగీత (\), ఆల్బమ్ అని వరుసగా ఇచ్చి, గుర్తుంచుకోమని టిక్ పెట్టండి. కంప్యూటర్ పేరు ముందు చేర్చకపోతే ల్యాప్‌టాప్ ఒక్కొక్కసారి మీ సొంత ఖాతా పేరునే పంపుతుంది. ఇంతకుముందు ఇచ్చిన పాత వివరాలు క్రెడెన్షియల్ మేనేజర్‌లో (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే చోట) ఉండిపోయి ఉంటే వాటిని ముందు తీసేయండి.

పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్‌ను ఆపేయమనే సలహా ఇప్పుడు చాలాచోట్ల పనిచేయదు కూడా. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో, పాస్‌వర్డ్ అడగని షేర్‌లను తెరవకుండా విండోస్ తనంతట తానే అడ్డుకుంటోంది. హోమ్ ఎడిషన్‌లో ఇంకా కొంత వెసులుబాటు ఉంది గాని, దాని మీద ఆధారపడితే ల్యాప్‌టాప్ మార్చిన రోజున మళ్లీ మొదటికి వస్తారు.

ప్రశ్న అడిగినవారు

కొత్త రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంది. దాన్ని పెట్టిన తర్వాత ల్యాప్‌టాప్‌కు 192.168.1.23 అనే అడ్రస్ వచ్చింది, నెట్‌వర్క్‌లో డెస్క్‌టాప్ పేరుతోనే కనిపించింది. చిత్తూరువారు చెప్పిన విధంగా ఖాతా చేసి, అన్న ఆ ఫోల్డర్ షేరింగ్‌లో దాని పేరు చేర్చాడు. ఫోల్డర్ తెరుచుకుంది, ఫొటోలన్నీ కనిపిస్తున్నాయి. మీ ఇద్దరికీ నా కృతజ్ఞతలు.

రెండు విషయాలు మిగిలాయి. సరిచేసిన షీట్‌ను తిరిగి ఆ ఫోల్డర్‌లోనే సేవ్ చేయబోతే అనుమతి లేదంటోంది. రెండోది, 64 జీబీ కార్డులోని ఫొటోలను పైకి కాపీ చేసుకుంటుంటే వేగం సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు. ల్యాప్‌టాప్ వైఫై దానికంటే ఎంతో వేగంగా కలిసిందని చూపిస్తోంది.

జవాబు (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

సేవ్ కాకపోవడానికి కారణం, షేర్ చేసిన ఫోల్డర్‌కు అనుమతులు రెండు చోట్ల ఉండడం. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లో ఇచ్చేది వీధి తలుపు తాళం వంటిదైతే, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇచ్చేది లోపలి గది తాళం వంటిది. రెండూ తెరిస్తేనే లోపలికి పోగలరు, రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో పర్మిషన్స్ నొక్కి చూడండి. అక్కడ అప్రమేయంగా రీడ్ మాత్రమే ఉంటుంది. ఆల్బమ్ ఖాతాకు చేంజ్ అనేది ఇచ్చి, సెక్యూరిటీ ట్యాబ్‌లో అదే ఖాతాకు మాడిఫై ఇవ్వండి. చాలామంది విసిగిపోయి ఎవ్రీవన్ అనే పేరుకు ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. అది చేయకండి.

నా సలహా ఇంకొకటి ఉంది. అన్న ఎక్కించే అసలు ఫొటోల ఫోల్డర్‌ను మీకు చదవడానికి మాత్రమే ఉంచి, షీట్ల కోసం పక్కన ఇంకో ఫోల్డర్ షేర్ చేసి, దానికి మాత్రమే మార్పు చేసే హక్కు ఇవ్వమనండి. రాయడానికి అనుమతి ఉన్న ప్రతి ఫోల్డర్‌లోకి, మీ ల్యాప్‌టాప్‌లో ఏదైనా రాన్సమ్‌వేర్ చేరితే అది కూడా అదే అనుమతితో పోతుంది. చదవడానికే పరిమితమైన ఫోల్డర్‌లో మీ చెయ్యి జారినా అసలు ఫొటో చెరిగిపోదు.

జవాబు (కొర్లగుంట, తిరుపతి)

వేగం సంగతి. సెకనుకు 11 ఎంబీ అన్న అంకె వినగానే కారణం దాదాపు తెలిసిపోతుంది. 100 ఎంబీపీఎస్ సాకెట్ గుండా ఫైలు పోతే దక్కేది సరిగ్గా అంతే. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఒక బైట్‌కు 8 బిట్లు కాబట్టి 100ను 8తో భాగిస్తే 12.5, అందులో కొంత తరుగు పోతుంది. ఆ లెక్కన 64 జీబీ రావడానికి గంటన్నరకు పైగా పడుతుంది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) సాకెట్లయితే సెకనుకు 110 ఎంబీ దాకా రావచ్చు కాబట్టి, డిస్కులు అంత వేగాన్ని అందుకుంటే అదే పని పది నిమిషాల్లో అవుతుంది. మీ రౌటర్ అట్టపెట్టె మీద సాకెట్ల వేగం 10/100 అని ఉందో 10/100/1000 అని ఉందో చూడండి. వైఫై ఎంత వేగంగా ఉన్నా, ఆ రౌటర్ నుంచి కిందికి దిగే సాకెట్ 100 అయితే మొత్తం దానికే లోబడుతుంది. ఫైబర్ వాళ్లు పెట్టే పెట్టెల్లో కూడా చాలావాటిలో ఒక్క సాకెట్ మాత్రమే గిగాబిట్‌ది, మిగిలినవి 100వి.

సాకెట్లన్నీ గిగాబిట్‌వే అయినా 100 దగ్గరే ఆగితే కేబుల్‌ను చూడాలి. ఆ కేబుల్‌లో జంటలు జంటలుగా పెనవేసిన ఎనిమిది తీగలుంటాయి. 100కు వాటిలో రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. కనెక్టర్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తే, ఎనిమిది రాగి కొనలూ చివరి దాకా వచ్చి ఇత్తడి రంగు పళ్ల కింద వరుసగా ఆనుకుని కనిపించాలి. 100కు అవసరం లేని జతల్లో ఒక్క తీగ వెనక్కి ఆగిపోయినా పరికరం ఏ ఫిర్యాదూ చేయకుండా 100కు దిగిపోయి పనిచేస్తూనే ఉంటుంది, కాబట్టి సంవత్సరాల తరబడి ఎవరూ గమనించరు. డెస్క్‌టాప్‌లో ఈథర్‌నెట్ స్టేటస్ తెరిస్తే, దానికి తగిలించిన కేబుల్ వేగం స్పీడ్ అనే వరుసలో 100 ఎంబీపీఎస్ అనో 1.0 జీబీపీఎస్ అనో కనిపిస్తుంది. పైకి వెళ్లే కేబుల్ మెట్ల పక్కన ఎండ తగిలేలా బయట ఉంటే, దాన్ని పీవీసీ పైపులో వేయించండి. మన తిరుపతి ఎండకు మామూలు కేబుల్ పైపొర కొన్నేళ్లకే పెళుసుబారి చిట్లుతుంది.

రౌటర్ సాకెట్లు 100వే అని తేలితే రౌటర్ మార్చనక్కరలేదు. ఐదు సాకెట్ల గిగాబిట్ స్విచ్‌లు (నెట్‌వర్క్ కేబుళ్లను ఒకచోట కలిపే చిన్న పెట్టెలు) రెండు తెచ్చుకోండి. కింద ఒకదానికి ఫైబర్ పెట్టె, డెస్క్‌టాప్, పైకి వెళ్లే కేబుల్ మూడింటినీ కలపండి. పైన రెండోదానికి ఆ కేబుల్ రెండో కొనను, రౌటర్‌ను, ల్యాప్‌టాప్‌ను కలపండి. ల్యాప్‌టాప్‌కు నెట్‌వర్క్ సాకెట్ లేకపోతే యూఎస్‌బీ 3 గిగాబిట్ అడాప్టర్ దొరుకుతుంది. అప్పుడు ఫొటోలు ఒక స్విచ్ నుంచి మరో స్విచ్‌కు నేరుగా పోతాయి. ఫైబర్ పెట్టె, రౌటర్ వాటి మధ్యలోకి రావు. మీరు కూర్చునేచోటు మారుతున్నప్పుడు వైఫై ఎలాగూ ఉంటుంది.

ఎంత వేగం వచ్చినా, మీరు పనిచేస్తున్న ఆల్బమ్ ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, పూర్తయిన తర్వాత తిరిగి పంపండి. మధ్యలో కరెంటు పోయి కింది డెస్క్‌టాప్ ఆగితే, నెట్‌వర్క్ మీద సగం సేవ్ అయిన ఫైలు చెడిపోతుంది. ఫొటోలు సరిచేయడానికి లైట్‌రూమ్ క్లాసిక్ వాడుతున్నట్లయితే దాని క్యాటలాగ్‌ను (ఫొటోల జాబితా, చేసిన మార్పులు ఉండే ఫైలును) నెట్‌వర్క్ డ్రైవులో తెరవడానికి అది ఒప్పుకోదు. ఫొటోలు అక్కడ ఉండవచ్చు, క్యాటలాగ్ మాత్రం ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

రౌటర్ పెట్టె మీద 10/100 అనే ఉంది. స్విచ్‌లు తెప్పిస్తున్నాము. చిత్తూరువారు చెప్పిన రెండు ఫోల్డర్ల పద్ధతి అన్నకు బాగా నచ్చింది. అసలు ఫొటోలు చదవడానికి మాత్రమే ఉంచి, షీట్ల ఫోల్డర్‌లో సేవ్ చేసి చూశాను, అయింది. ఒక్క సందేహం. డెస్క్‌టాప్‌కు తగిలించిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఫొటోల రెండో కాపీ ఉంటుంది, దాన్ని కూడా నాకు కనిపించేలా షేర్ చేయమని అన్నను అడగవచ్చా?

జవాబు (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

వద్దమ్మా. కాపీ ఉన్న డిస్కును షేర్ చేయడమే కాదు, డెస్క్‌టాప్‌కు ఎల్లవేళలా తగిలించి ఉంచడం కూడా మంచిది కాదు. కార్డులు ఎక్కించిన తర్వాత తగిలించి, కాపీ పూర్తయి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకున్నాక, సేఫ్లీ రిమూవ్ చేసి బీరువాలో పెట్టమనండి. ఆల్బమ్ పెళ్లివారి చేతికి వెళ్లేదాకా ఆ కార్డులను ఫార్మాట్ చేయవద్దని కూడా చెప్పండి.